అప్పు, తప్పు, మారుమనస్సు

మా పేరేసంద్రలో తెలుగు మాట్లాడని ఇంటికోసం వెతకాలి. తెలుగు చదవగలిగిన ఇంటికోసమూ అంతే వెతకాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి, కచేరీలో కన్నడం, కోపం వస్తే మళ్ళీ తెలుగు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. కైవార తాతయ్యగారి తెలుగు తత్త్వాలు భజనల్లో నోటికి వచ్చిన మా పెద్దలలో చాలామందికి ఆ తత్త్వాలను తెలుగు లిపిలో చూపిస్తే అక్షరం పోల్చుకోవడం కష్టం. నేనూ ఆ బాపతే. మరి తెలుగు చదవడం ఎలా వచ్చిందంటే, ఒక ఆసుపత్రిలో వచ్చింది.

1980 ప్రాంతంలో మా అవ్వకు కాలు పుండయితే చిక్కబళ్ళాపురం సి.ఎస్.ఐ. ఆసుపత్రిలో చేర్చారు. ఒకప్పుడు లండన్ మిషన్ వారిది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ సంఘానికి వచ్చింది. నాకు పదేళ్ళు. అవ్వ మంచం పక్కన పగలంతా కూర్చోవడమే పని. అక్కడికి వచ్చే ఒక పెద్దావిడ రోగుల భాష అడిగి చిన్న చిన్న పుస్తకాలు ఇచ్చేది. అవ్వ తెలుగు అన్నది. అవ్వకు చదువు రాదు, పుస్తకం నా చేతికి వచ్చింది. మత్తయి సువార్త. కన్నడ అక్షరాలు తెలిసినవాడికి తెలుగు అక్షరాలు తలకట్టు మార్చుకున్న చుట్టాల్లాంటివి కదా! పదిరోజుల్లో కూడబలుక్కుని చదివేశాను. అర్థమైనది తక్కువ. మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు, నేనూ కాను. కానీ నాకు తెలుగు అక్షరాభ్యాసం జరిగింది ఆ పుస్తకంలోనే కనుక ఆ రుణం ఉంది.

రుణం అన్న మాట ఊరికే రాయలేదు. క్రైస్తవులు రోజూ చెప్పుకొనే ప్రభువు ప్రార్థన ఆ సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. క్షమించమని వేడుకొనే చోట తెలుగు బైబిలు వాడిన మాట పాపం కాదు, తప్పు కాదు, 'ఋణములు'. మన పట్ల తప్పు చేసినవాళ్ళు 'ఋణస్థులు'. తర్వాత బి.కాం. చదివి బ్యాంకులో చేరి, రోజూ ఋణములతోనూ ఋణస్థులతోనూ కాపురం చేసినవాణ్ణి గనుక ఈ మాట నన్ను వదలలేదు. నాతో చదువుకున్న ఒక క్రైస్తవ మిత్రుడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ప్రార్థన కన్నడంలో చేస్తాడు. కన్నడ బైబిలులో అదే చోట ఉన్నది 'తప్పు'. మీ తెలుగువాళ్ళు దేవుణ్ణి కూడా షావుకారుని చేశారు అని వాడు ఎగతాళి చేసేవాడు. నాకు అప్పుడు జవాబు తెలియలేదు.

జవాబు మూలంలో ఉంది. మత్తయి సువార్త గ్రీకులో ఉన్నది అప్పు అనే మాటే. యేసు మాట్లాడిన అరమాయిక భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట, 'హోబా'. లూకా రాసిన ప్రార్థన పాఠంలో ఆ చోట పాపములు అని ఉంది. తెలుగు బైబిలు కూడా లూకాలో పాపములు అనే అన్నది. అంటే తెలుగు అనువాదకులు పొరపాటు పడలేదు, మూలంలో ఏముంటే అది ఉంచారు. తమిళంలోనూ మత్తయిలో 'కడన్' అనే ఉంది. ఇంగ్లీషువాళ్ళలోనే బైబిలులో అప్పు, ప్రార్థన పుస్తకంలో అతిక్రమం అని రెండు పాఠాలు నడిచాయి. మా మిత్రుడికి ఇదంతా చెబితే, సరే, అప్పే అనుకో, తీర్చేదెవరు అన్నాడు. ఆ ప్రశ్నే అసలు ప్రశ్న.

అదే సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో పేతురు, సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని అడుగుతాడు. జవాబులో తెలుగు బైబిలు వాడిన 'ఏళ్ల' అన్న మాటను నేను చిన్నప్పుడు సంవత్సరాలు అనుకున్నాను. డెబ్బై ఏళ్ళపాటు క్షమించాలి కాబోలు, అంటే మనిషి ఆయుష్షంతా! అది సంవత్సరాల లెక్క కాదు, ఏడుల లెక్క, డెబ్బై ఏడులు. ఏడు అంటే అంకె, ఏడు అంటే సంవత్సరం. తెలుగు చేసిన ఈ చిత్రంలో నాలాగా ఎందరు పడ్డారో గానీ, తప్పుగా చదివినా అర్థం పెద్దగా చెడలేదనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ వెంటనే వచ్చేది కనికరం లేని దాసుడి కథ. రాజుకు ఒకడు పదివేల తలాంతులు బాకీ. తీర్చలేనని కాళ్ళమీద పడితే రాజు మొత్తం వదిలేశాడు. వాడు బయటికి వచ్చి తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. బ్యాంకువాణ్ణి గనుక లెక్క వేశాను. దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. ఒక తలాంతుకు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసేవాడికి 2 లక్షల సంవత్సరాలు. గలిలయను ఏలిన హేరోదు అంతిపకు ఏటా వచ్చే రాబడి 200 తలాంతులని జోసీఫస్ చరిత్రకారుడు రాశాడు. ఆ సీమ మొత్తం 50 ఏళ్ళ శిస్తు ఒక్కడి బాకీ! రెండోవాడి బాకీ నూరు రోజుల కూలి. ఇదీ చిన్న మొత్తమేమీ కాదు, కూలివాడికి నాలుగు నెలల తిండి. కథ చెప్పినాయన అది లేనట్టు మాట్లాడలేదు. పోల్చి చూడమన్నాడు అంతే.

అప్పులు వదిలేయడం యూదులకు కొత్త కాదు. ప్రతి ఏడో ఏటా తోటివాడి బాకీ విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండంలో శాసనం ఉంది. ఏడో ఏడు దగ్గరపడుతున్నదని చూసి పేదవాడికి అప్పు ఇవ్వకుండా చెయ్యి ముడుచుకోవద్దని అక్కడే హెచ్చరిక కూడా ఉంది. అంటే అప్పుడే ముడుచుకునేవాళ్ళన్నమాట. క్రీస్తుకు కాస్త ముందు హిల్లేలు అనే ధర్మవేత్త ఈ ఇబ్బంది చూసి ఒక పత్రం కనిపెట్టాడు. దాని పేరు ప్రొజ్బుల్. బాకీని న్యాయస్థానానికి అప్పగించినట్టు రాసుకుంటే ఏడో ఏడు వచ్చినా వసూలు చేసుకోవచ్చు. మాఫీ వస్తుందంటే అప్పు పుట్టదు, అప్పు పుట్టాలంటే మాఫీకి అడ్డుదారి కావాలి. రెండువేల ఏళ్ళనాటి ఈ చిక్కు మా శాఖలో కూర్చుంటే ఈనాటికీ కనబడుతుంది.

ఇక క్షమకు ముందు నిలిచే మాట, పశ్చాత్తాపం. ఇది తెలుగులోకి ఎలా వచ్చిందో చూడడం ఒక ముచ్చట. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు మన దేశంలో అచ్చు కాలేదు. జర్మనీలోని హాలే పట్టణంలో 1746, 47లలో అచ్చయ్యాయి. వేసినవాడు బెంజమిన్ షుల్జ్. మద్రాసులో తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగు చేసి, అది అచ్చు కాకముందే స్వదేశం వెళ్ళిపోయినవాడు. అక్కడ వేసిన చిన్న పుస్తకాలలో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచు పొయ్యే దోవ'. దోవ అనే మాట చూడగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. పండితుల తెలుగు కాదు, మద్రాసు వీధుల్లో విన్న తెలుగు. ఆ హాలే భక్తుల మతంలో పశ్చాత్తాపమే వాకిలి. వాళ్ళ గురువు ఫ్రాంకె 1687లో ల్యూనెబుర్గ్ ఊళ్ళో తాను పడిన మనోవేదననూ, తర్వాత కలిగిన శాంతినీ రాసిపెట్టాడు. అది వాళ్ళందరికీ నమూనా అయింది.

ఆ తర్వాత 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. వాళ్ళకు తెలుగు దిద్దిపెట్టినవాడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్ళు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్లో అచ్చయ్యాయి. ఆ మార్చిలోనే అక్కడి అచ్చుకూటం తగలబడి ఎన్నో భాషల అచ్చక్షరాలు కరిగిపోయాయి. ప్రిచెట్ చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. తర్వాత వార్డ్లా, హే, జూయెట్ మొదలైనవారి చేతుల్లో దిద్దుబాట్లు జరుగుతూ వచ్చాయి. ఇందరి చేతులు పడి నిలిచిన మాట 'మారుమనస్సు'.

పశ్చాత్తాపం అని వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే వేడి, బాధ. పని చెడ్డాక లోపల కాలడం. గ్రీకులో ఉన్న 'మెటనోయియా' అది కాదు. మనసు మారడం. పాత నిబంధన హెబ్రీ భాషలో ఇదే భావానికి వాడేది తిరుగు, వెనక్కి మళ్ళు అనే మాట. తమిళులు 'మనందిరుంబు' అని మనసునూ తిరగడాన్నీ కలిపారు. కన్నడంలో దేవుడి వైపు 'తిరుగికొళ్ళు' అన్నారు, మనసును వదిలి నడకను పట్టుకున్నారు. తెలుగువాళ్ళు మనసును పట్టుకున్నారు. మారు అంటే మార్పూ ఔతుంది, రెండవదీ ఔతుంది. మారుతల్లి, మారుపేరు, మారుమాట, మారువేషం అంటాము కదా. మనిషికి రెండో మనసు. అందమైన మాటే గానీ, ప్రమాదమూ అక్కడే ఉంది. మారువేషాన్ని మారుమనస్సు అనుకునేవాళ్ళు ఏ మతంలోనైనా ఉంటారు. ఆ విషయంలో మా కన్నడ మిత్రుడి మాటే గట్టిది. పేరేసంద్ర క్రాసులో హైదరాబాదు వైపు పోయే బస్సు ఎక్కి మనసంతా బెంగళూరు మీద పెట్టుకుంటే బెంగళూరు రాదు. దిగి రోడ్డు దాటాలి. నాలుగు వరుసల దారి పడ్డాక అదీ సుళువు కాదు.

ఈ మాట తగాదా యూరపునే రెండు చేసింది. జెరోమ్ చేసిన లాటిన్ బైబిలులో ఆ మాట తపస్సు చేయండి, ప్రాయశ్చిత్తం చేసుకోండి అనే ధోరణిలో పడింది. 1215లో నాలుగో లాటెరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒకసారైనా గురువు దగ్గర పాపం ఒప్పుకోవాలని విధించింది. రానురాను శిక్ష తగ్గించే పత్రాలు డబ్బుకు దొరికే స్థితి వచ్చింది. పుణ్యాత్ముల ఖాతాలో మిగులు ఉంది, దానిమీద పాపాత్ముడికి డ్రాఫ్టు ఇస్తారు. నా వృత్తి భాషలో చెబితే అంతే. ఎరాస్మస్ గ్రీకు మూలం అచ్చువేసి లాటిన్ మాట సరిపోదని చూపించాడు. 1517లో లూథర్ తన 95 ప్రతిపాదనల్లో మొట్టమొదటి దానినే ఈ మాటమీద పెట్టాడు. క్రైస్తవుడి బతుకంతా పశ్చాత్తాపమే కావాలని దాని సారాంశం. ఒక పత్రంతో, ఒక రోజుతో ముగిసేది కాదన్నమాట.

కతోలికుల పద్ధతి మన సీమకు లండన్ మిషన్ కంటే చాలా ముందే వచ్చింది. 18వ శతాబ్దం మొదటి ఏళ్ళలో ఫ్రెంచి జెసూట్ పాదిరీలు తమ కర్నాటక మిషన్ పనిమీద పుంగనూరు మీదుగా ఈ ప్రాంతానికి వచ్చారు. లె గాక్ పాదిరి 1709లో రాసిన ఒక ఉత్తరం మీద చిన్నబళ్ళాపురం పేరుంది. అది మన చిక్కబళ్ళాపురమే. గురువు దగ్గర పాపం చెప్పుకోవడాన్ని తెలుగు కతోలికులు 'పాపసంకీర్తనం' అంటారు. సంకీర్తనం అంటే మనకు దేవుణ్ణి పొగడడం. ఆ మాటను తన తప్పును నోరారా చెప్పుకోవడానికి పెట్టారు. ఇంత సాహసమైన అనువాదం ప్రొటెస్టంట్లు ఒక్కటీ చేయలేదని నా అభిప్రాయం. వాళ్ళు పాటల్లో గెలిచారు. 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌధరి కీర్తనల్లో పాపి పడే వేదన మన రాగాల్లో, మన దరువుల్లో వినిపిస్తుంది.

ఇప్పుడు మా శాఖకు వస్తాను. 2008లో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ రుణమాఫీ ప్రకటించింది. మాఫీ అనేది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, దాని అర్థమే క్షమ. కన్నడంలో సాలమన్నా అంటారు, మా చెవికి అది మన్నించు లాగే వినబడుతుంది. 2007 మార్చి 31లోగా తీసుకుని, ఆ డిసెంబరు 31కి గడువు మీరి, 2008 ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉన్న బాకీలకు అది వర్తించింది. ఐదెకరాల లోపు వాళ్ళకు బాకీ మొత్తం, పైవాళ్ళకు మిగతా భాగం కడితే నాలుగో వంతు. జూన్లో జాబితా నోటీసు బోర్డుమీద అంటించాం. జనం వేలితో పేర్లు వెతుక్కున్నారు. పేరు లేనివాళ్ళలో ఒక పెద్దాయన నా బల్ల ముందుకు వచ్చి, "నేను మేకలమ్మి కట్టినాను. కట్టినోడు యెర్రోడా సార్?" అన్నాడు. లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చిన రోజున ఇంట్లోకి రానని బయటే నిలబడ్డ అన్న ఈయనే. అక్కడ తండ్రి బయటికి వచ్చి బతిమాలాడు. నేను సర్క్యులర్ చూపించాను.

బ్యాంకు భాషలో మరో మాట ఉంది, రైట్ ఆఫ్. బాకీని మన పుస్తకాల్లోంచి తీసేస్తాం, హక్కు వదులుకోము. అప్పు ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు, వసూలు నడుస్తూనే ఉంటుంది. మాఫీ అంటే హక్కే పోతుంది. మన ఇళ్ళలో జరిగే క్షమాపణలు ఎక్కువగా రైట్ ఆఫ్ జాతివని నా అనుమానం. పైకి లెక్క మూసేస్తాం, లోపల రిజిస్టరు ఉంటుంది.

ఇదంతా నాకెందుకు పట్టిందో కూడా చెప్పాలి. 1997లో ఒక శాఖలో నేను కొత్తగా ఆఫీసరుగా ఉన్నాను. ఒకే పేరున్న ఇద్దరు రైతులు, తండ్రి పేరులో మొదటి అక్షరమే తేడా. ఒకాయన బోరు మోటారు అప్పుకు కట్టిన కంతు రెండో ఆయన ఖాతాలో పడింది. పడింది అనడం తప్పు, నేను సరిచూడకుండా సంతకం పెట్టాను. నోటీసులు వెళ్ళాయి. కట్టినాను సార్ అని ఆయన మొత్తుకున్నాడు, రసీదు చెదలు తిన్నదన్నాడు. ఈ మాట రోజూ వినేదే అనుకున్నాను. జీపు తీసుకుపోయి మోటారు విప్పించి తెచ్చాం. రెండు నెలలకు బ్యాలెన్సు తేలక వెతికితే అసలు సంగతి బయటపడింది. ఎర్ర సిరాతో ఎంట్రీ సరిచేశాను. మోటారు అటెండరుతో పంపించాను. నేను వెళ్ళలేదు. ఈలోగా ఆయన మల్బరీ తోట ఎండి రెండు కోతల పట్టుగూళ్ళు పోయాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, లెక్క సరిపోయింది గనుక. తర్వాత బదిలీ.

2008 జాబితా అంటించిన రోజు, ఆ పెద్దాయన ప్రశ్న విన్న రాత్రి, ఈ సంగతి పైకి వచ్చింది. మోషే ధర్మశాస్త్రంలో నష్టం చేసినవాడు తప్పు ఒప్పుకుని, మొత్తంతోపాటు అయిదో వంతు కలిపి బాధితుడికే ఇవ్వాలని ఉంది. జక్కయ్య అనే సుంకరి నాలుగింతలు ఇస్తానన్నాడు. జక్కయ్య అంతటివాణ్ణి కాను. ఆ కాలంలో శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్ ధర కనుక్కుని, రెండు కోతలకు నాకు తోచిన లెక్క కట్టి, అయిదో వంతు కలిపి కవర్లో పెట్టుకుని ఆదివారం ఆయన ఊరు వెళ్ళాను.

ఆయన నన్ను వెంటనే గుర్తుపట్టాడు. అరుగుమీద కూర్చోబెట్టాడు. జరిగినదంతా చెప్పాను, తప్పు నాదేనని, అప్పుడే తెలిసినా రాలేదని. ఆయన చాలాసేపు ఊరుకుని, "అది యెప్పుడో వొదిలేస్తిమి సార్" అన్నాడు. కవరు ఇస్తే వద్దని నా చేతిలోనే మళ్ళీ పెట్టాడు. నేను సగం లేచాను కూడా.

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "తీసుకో. ఆ యేడు పెద్దదాని పెండ్లి నిల్సిపాయె. ఆయప్ప ఇయ్యాల్సిందే."

ఆయన తీసుకుని లోపలికి అందించాడు. ఆమె వాకిట్లోకి వచ్చి, గడప పక్కన నిలబడి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. ఎంత ఎట్లా కట్టినావని అడిగింది. చెప్పాను. గూళ్ళ ధర ఆ నెలలో ఇంకో పది రూపాయలు ఎక్కువే ఉండిందని చెప్పి, ఆ తేడా కూడా అడిగి తీసుకుని, లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది.